ఊరందరికీ పంచేసిన మాటలు

నర్సీపట్నానికి ఏ ఆఫీసరూ ఉండడానికి రాలేదు, వెళ్ళిపోవడానికే వచ్చాడు. డెబ్బైల సంగతి చెబుతున్నాను. కొండదారిన ఘాటీ ఎక్కి చింతపల్లి వైపు వెళ్ళకుండా ఉద్యోగం గడవదనీ, ఎక్కితే మలేరియా పట్టుకుంటుందనీ, అది పట్టుకుంటే ఇక వదలదనీ వాళ్ళకి ఎవరో ముందే నూరిపోసి పంపేవారు. దాంతో చేరిన రోజునే బదిలీ ప్రయత్నాలు మొదలుపెట్టేవారు. అందుచేత మా ఊళ్ళో స్వాగతాలకంటే వీడ్కోళ్ళు ఘనంగా జరిగేవి. వచ్చినప్పుడు ఓ నిమ్మకాయా, ఓ దండా. వెళ్ళేటప్పుడు మాత్రం షామియానా, మైకుసెట్టు, లడ్డూ కారప్పూస పొట్లం, గ్రూపు ఫోటో, అన్నిటికీ మించి గాజు పటం కట్టించిన ఇంగ్లీషు సన్మానపత్రం.

ఆ పత్రం ఇంగ్లీషులోనే ఉండాలి. తెలుగులో ఎందుకు ఉండకూడదని కొత్తలో తాలూకాఫీసు హెడ్ గుమాస్తాని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"తెలుగులో ఎదటే కూకోబెట్టి పొగిడితే మనిషికి సిగ్గెయ్యదేటండీ? పొగిడినోడికీ సిగ్గే. ఇంగ్లీషులో ఐతే ఎవులికీ ఏ ఇబ్బందీ ఉండదు."

అంతకంటే నిజమైన మాట భాషల గురించి నేను కాలేజీలో కూడా వినలేదు.

నేను కృష్ణా జిల్లా నుంచి అక్కడి హైస్కూలుకి ఇంగ్లీషు మాస్టరుగా వెళ్ళాను. పెళ్ళి కూడా ఆ చుట్టుపక్కలే, కోటవురట్ల సంబంధం కుదిరి చేసుకున్నాను. నాకు ఇంగ్లీషు ఎమ్మే ఉందన్న సంగతి ఊళ్ళోకి నాకంటే ముందే చేరింది. చేరిన కొద్దిరోజులకే ఫారెస్టు రేంజరుగారికి బదిలీ అయింది. వాళ్ళ స్టాఫు ముగ్గురు అడవితేనె సీసా పట్టుకుని మా ఇంటి అరుగెక్కారు. నేను మహా శ్రద్ధగా రాశాను. మీ నిజాయితీని, మీ క్రమశిక్షణని మేము అడ్మైర్ చేస్తున్నాము అని. వాళ్ళు తలలు దగ్గర పెట్టుకుని చదివారు.

"బావుందండి," అన్నాడు అందులో పెద్దాయన. "దీనికన్నా పెద్దది నేదా?"

"పెద్దదంటే?"

"అదేనండి, ఇంకాస్త బరువైంది."

నాకు చిన్నప్పట్నించీ కోపం ముక్కు మీదే ఉంటుంది. పైగా కొత్త ఎమ్మే. కూర్చోబెట్టి పాఠం చెప్పాను. అడ్మైర్ అంటే కాస్త దూరంగా నిలబడి, వాహ్, మనవల్ల కాదు ఇది, అనుకోవడం. రెస్పెక్ట్ అంటే మనిషి రాగానే లేచి నిలబడడం, లోపల ఏమనుకుంటున్నామో దానితో పని లేదు. అప్రీషియేట్ అంటే పైవాడు కిందివాడి భుజం తట్టడం, కాబట్టి గుమాస్తాలు ఆఫీసరుతో ఆ మాట అనకూడదు. ఎస్టీమ్ అంటే మనిషిని తూచి, ఖరీదైనవాడని తేల్చుకోవడం. రివియర్ అంటే ఇక కాళ్ళకి దణ్ణమే. ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. అర్థమైందా అన్నాను.

"అయిందండి. ఐతే అన్నీ ఏసీండి. ఏది తగిల్తే అది తగుల్తాది."

అన్నీ వేశాను. తేనె మాత్రం చాలా బాగుంది.

ఆ తర్వాత తగువు మొదలైంది. తహశీల్దారుగారి పత్రంలో రివియర్ పడింది. ఆ నెలలోనే బ్లాకు ఆఫీసులో బీడీవోగారు వెళ్ళిపోతుంటే, ఆయన నిజంగా మంచి పనివాడు కనుక, మనస్ఫూర్తిగా అడ్మైర్ అని రాశాను. మర్నాడు పొద్దున్నే వాళ్ళ సూపరింటెండెంటు సైకిలు దిగకుండానే గుమ్మంలో నిలబడ్డాడు.

"మాస్టారూ, మా సారుకి ఒక మెట్టు తగ్గిపోయిందని ఆఫీసంతా ఒకటే గోలండి."

అది తగ్గడం కాదయ్యా, రివియర్ కుర్చీకి చెప్పే మాట, అడ్మైర్ మనిషికి చెప్పే మాట, మీ సారుకే మంచి మాట దక్కింది అని నచ్చజెప్పబోయాను.

"మంచిది ఎవులిక్కావాలండీ, పెద్దది కావాలి గాని," అన్నాడు.

చివరికి ఎస్టీమ్ దగ్గర రాజీ పడ్డాం. ఆనాటి నుంచీ ఊళ్ళో మాటలకి ఒక మెట్ల వరస స్థిరపడిపోయింది. సబ్ కలెక్టరు ఆఫీసుకీ తాలూకాఫీసుకీ రివియర్, బ్లాకాఫీసుకి ఎస్టీమ్, మిగిలిన వాళ్ళకి అడ్మైర్. పశువుల డాక్టరుగారికి ఏది ఇవ్వాలో తేలక రెండు ఆఫీసుల వాళ్ళు మా అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నారు, నన్ను అడక్కుండానే. ప్రెస్సు యజమాని ఇంకా తెలివైనవాడు. సీసం అక్షరాలు పేర్చిన పాత పేజీని విప్పేవాడే కాదు. బదిలీ కబురు తెలియగానే నాకు బజార్లో ఎదురుపడి, రసాలా బంగినపల్లా అని అడిగినట్టు, "ఏ రకమండి? రివియరా, ఎస్టీమా?" అనేవాడు. పేరు మార్చడం, రకం మార్చడం, అంతే పని.

మా ఆవిడకి ఇదంతా చూసి ఒళ్ళు మండేది.

"ఊరందరికీ ఇంగ్లీషులో ముద్దులు పంచుతున్నారు. ఇంట్లో మాత్రం ఉప్పు తక్కువైందన్న మాట తప్ప ఇంకోటి రాదు," అనేది.

ఈ వ్యాపారం మొత్తానికి ఎదురుచెప్పినవాడు ఒక్కడే, మా హెడ్మాస్టరుగారు.

ఆయన ఆ ఊరివాడే. తాతల నాటి మిషను కుటుంబం, చర్చిలో పెద్ద. చిన్నప్పుడు దొరసానుల దగ్గర చదువుకున్నాడేమో, ఆయన ఇంగ్లీషు చదివితే మైకు అక్కర్లేదు. అందుకని ఊళ్ళో ఏ వీడ్కోలు సభ జరిగినా రాసేది నేను, నిలబడి చదివేది ఆయన. వేదిక మీదా, స్కూల్లోనూ ఒక్క తెలుగు ముక్క ఆయన నోట రాలేదు. ఇంటికెళ్ళి కండువా తీస్తే మాత్రం అచ్చంగా ఆ ఊరి మాటే. సభ ముందురోజు నేను రాసిన కాయితం ఆయన దగ్గరికి వెళ్ళేది. ఆయన చదివి పెదవి విరిచేవాడు.

ఒకసారి సర్కిల్ ఇన్స్పెక్టరుగారికి బదిలీ అయింది. స్టేషను రైటరు వచ్చి తాలూకాఫీసు వాళ్ళకి ఇచ్చినదానికంటే పెద్దది కావాలని కూర్చున్నాడు. పోలీసువాడు ఇంట్లో కూర్చుంటే వీధివాళ్ళంతా తొంగి చూస్తున్నారు. వదిలించుకోవాలని, అడోర్ అని రాసిచ్చాను. అది ఆదివారం. మధ్యాహ్నం చర్చి నుంచి తిన్నగా, తెల్లపంచె, చంకలో బైబిలుతో, హెడ్మాస్టరుగారు మా ఇంటికొచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"మాస్టారూ, ఈ అడోర్ ఎవరికి?"

"సీఐ గారికండి."

"అది దేవుడితో చెప్పీ మాట. ఇవాళ దేవుడితో చెప్పి, రేపు అదే నోటితో పోలీసాయనతో ఎలాగ చెప్పమంటారు నన్ను?"

"అయితే లవ్ అని మారుద్దామా సార్?" అన్నాను. వెటకారానికే అన్నాను. ఆయన మాత్రం నిజంగానే ఆలోచించారు.

"లవ్‌లో దోషం లేదు. గాని పోలీసాయన్ని లవ్ చేస్తన్నామని కింద సంతకం పెట్టీవోడెవడు?"

ఇద్దరం గంటసేపు డిక్షనరీ ముందేసుకుని చివరికి రిగార్డ్ పెట్టాం. మా ఆవిడ రెండుసార్లు కాఫీ ఇచ్చింది. స్టేషను రైటరు మాత్రం చాలా నొచ్చుకున్నాడు. "ఇది ఉత్తరాల సివర రాసీ మాట కదండీ," అన్నాడు. ఆ కోపం ఆయనకి ఏళ్ళ తరబడి పోలేదు.

ఆ మధ్యాహ్నం వెళ్తూ వెళ్తూ హెడ్మాస్టరుగారు గుమ్మంలో ఆగి, "మాటలు మరీ చవగ్గా ఇచ్చీస్తన్నారు మాస్టారూ," అన్నారు. నాకు చురుక్కుమంది. ఎందుకంటే ఆయన నా విషయంలో మాటల దగ్గర పరమ పిసినారి. నా క్లాసు పిల్లలు ఇంగ్లీషులో మంచి మార్కులు తెచ్చుకున్న ఏడు, మార్కుల కాయితం తీసుకుని పరిగెత్తుకెళ్ళాను. ఆయన పైనుంచి కిందిదాకా చూసి, "నాట్ బ్యాడ్," అన్నారు. స్కూలు వార్షికోత్సవానికి నెలరోజులు గొంతు చించుకుని పిల్లల చేత ఇంగ్లీషు నాటిక వేయించాను. ఆ రాత్రి ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆయన దగ్గరికెళితే, "నాట్ బ్యాడ్". ఒకసారి క్రిస్మస్‌కి కేకు, అరటిపళ్ళు తెచ్చిన వాళ్ళావిడ మా ఆవిడతో నవ్వుతూ చెప్పిందిట. "పెళ్ళయినకాడ్నించి నా వంట కూడా నాట్ బ్యాడేనమ్మా."

నాకు కడుపుమంటగా ఉండేది. ఊళ్ళోకొచ్చిపోయే ప్రతి ఆఫీసరుకీ నేను మాటలు బుట్టల్లో పోసి ఇస్తున్నాను. నాకు కావాల్సింది ఆయన నోటి నుంచి ఒక్కటంటే ఒక్క మాట. ఎవరి మెప్పు దొరకదో ఆ మనిషి మెప్పే కావాలి మనిషికి. అదొక పిచ్చి.

అలాగని ఆయన మోడు కాడు. ఆయన నవ్వడం నేను ఒకసారి చూశాను. రోడ్ల ఓవర్సీరుగారిని ఏదో కోపం మీద పైవాళ్ళు చింతపల్లికి తోసేశారు. ఆయన స్టాఫు ముఖాలు వేలాడేసుకుని వచ్చి, "ఈసారి మెప్పు కాదండి, బాధ కావాలి," అన్నారు. పిటీ రాస్తే పైనుంచి కిందికి చూసినట్టుంటుంది, సింపతీ అంటే పక్కన కూర్చున్నట్టుంటుంది అని చెప్పాను. కండోలెన్స్ గొప్పగా వినిపిస్తోంది, అది వెయ్యమన్నారు. మనిషి పోతే తప్ప అది వెయ్యనని మొండికేశాను. మొత్తానికి హార్ట్‌ఫెల్ట్ సింపతీ అని పడింది. సభ సంతరోజున జరిగింది. హెడ్మాస్టరుగారు గొంతు బరువు చేసి చదువుతుంటే ఓవర్సీరుగారి భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అది చూసి మిగిలిన ఆడవాళ్ళూ అందుకున్నారు. సంతకి పసుపూ చింతపండూ తెచ్చిన కొండవాళ్ళు కొందరు షామియానా నీడకని వచ్చి వెనక కూర్చున్నారు. అందులో ఓ ముసలాయన నా చొక్కా పట్టి లాగాడు.

"ఏటి బాబూ, ఆ బాబుకేటైంది?"

"చింతపల్లి బదిలీ అయింది తాతా."

"మా కాడికేనా?"

"ఆఁ."

ఆయన కళ్ళు తుడుచుకుంటున్న ఆడవాళ్ళని ఓసారి కలయజూశాడు. "మేవందరం పుట్టినకాడ్నించి అక్కడే ఉన్నాం గదా బాబూ. మా కోసం ఎవులూ ఏడవనేదే?"

నాకు నవ్వాగలేదు. సభ అయ్యాక హెడ్మాస్టరుగారికి చెప్పాను. ఆయన ముందు నన్ను కోపంగా చూశారు. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత మైకు బల్ల పట్టుకుని, కళ్ళద్దాలు తీసి, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వారు. ఆడవాళ్ళు ఆయన కూడా ఓవర్సీరుగారి కోసమే ఏడుస్తున్నారనుకున్నారు. ఆ వేళ నుంచీ మా ఇద్దరికీ ఏదో కుదిరింది. అయినా నా పాఠాలు మాత్రం నాట్ బ్యాడ్ దాటలేదు.

ఎనభైల్లో నాకు బదిలీ అయింది. ఎక్కడికో కాదు, కోటవురట్లకి. బస్సెక్కి రెండు కునుకులు తీసేలోగా వచ్చేస్తుంది. మా ఆవిడ సంతోషానికి హద్దు లేదు. "మా ఊరే! మా అమ్మోళ్ళింట్లో మేడ గది ఖాళీగానే ఉన్నాది," అంది. నేను అత్తారింట్లో మకాం పెడితే జనం ఇల్లరికం అంటారని భీష్మించాను. కాపురం నర్సీపట్నంలోనే, రోజూ బస్సులో వెళ్ళొస్తానని తేల్చేశాను. ఇల్లు మారడం లేదు, ఊరు మారడం లేదు. అయినా బదిలీ బదిలీయే కనుక సభ తప్పదని డ్రిల్లు మాస్టారూ తెలుగు పండితుడుగారూ మా ఇంటికొచ్చారు. సభకి రోజు చెప్పారు, ఫోటోగ్రాఫరుని మాట్లాడామన్నారు, లడ్డూలు చెప్పేశామన్నారు. ఇంకా ఏదో ఉన్నట్టు కదలకుండా కూర్చున్నారు.

"సన్మానపత్రం ఎవరు రాస్తున్నారు?" అన్నాను.

వాళ్ళిద్దరూ మొహాలు చూసుకున్నారు.

"మీరే కదండీ రాసీది," అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"నా గురించి నేనా?"

"ఇంకెవులున్నారండీ ఊళ్ళో? డాక్టరు తన జొరానికి తనే మందేసుకోడేటి?"

కోప్పడ్డాను. వాళ్ళు నొచ్చుకున్నారు. ఊళ్ళో ఎవరికీ లోటు రానివ్వని పత్రం నాకే లేకపోతే బాగుంటుందా అని పండితుడుగారు బతిమాలారు. అదీ నిజమే అనిపించింది. ఆ ఆదివారం భోజనం చేసి కాయితం ముందేసుకుని కూర్చున్నాను. మొదటి పేరా సునాయాసంగా వచ్చేసింది. సమయపాలన, కఠోర పరిశ్రమ, పిల్లలపట్ల వాత్సల్యం. ఎన్నిసార్లు రాయలేదూ ఇవి! మా ఆవిడ పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. అసలు వాక్యం దగ్గరికొచ్చాను. ఇన్నేళ్ళుగా మేము మిమ్మల్ని, అని మొదలుపెట్టి, ఇక కలం కదలలేదు. అడ్మైర్ అందామంటే, అద్దం ముందు నిలబడి మీసం దువ్వుకున్నట్టుంది. రివియర్ అంటే నవ్విపోతారు. రెస్పెక్ట్ అంటే నా బెత్తానికి ఇచ్చినట్టుంది.

"ఏటైంది, ఆగిపోయేరు?" అంది మా ఆవిడ.

చెప్పాను.

"మీరు మాకు నచ్చేరు అని ఇంగ్లీషులో లేదా?"

"ఉంది. లైక్. అది వంకాయకూరకి చెబుతారు."

"మీకు వంకాయకూర మీదున్న ప్రేమ ఊరికి మీ మీదుంటే అంతకన్నా ఏటి కావాలండీ?"

చిక్కుళ్ళలో పుచ్చులున్నాయి చూసుకో అని మాట మార్చాను. ఆ మాట ఉండాల్సిన చోట మాత్రం చుక్కలు పెట్టి వదిలేశాను. సోమవారం ఆ కాయితం హెడ్మాస్టరుగారి బల్ల మీద పెట్టాను.

"సార్, అంతా రాశాను. ఆ ఒక్క మాట మీరు పెట్టండి."

అడిగేశాను. ఇన్నేళ్ళుగా గొంతులో ఉన్నది ఆ రూపంలో బయటపడింది. ఆయనకీ అర్థమైందనే అనుకుంటాను. చాలాసేపు చదివారు, కలం తెరిచారు, మళ్ళీ మూసేశారు.

"వదిలీసి ఎల్లండి," అన్నారు. స్కూల్లో, అందులోనూ తన గదిలో ఆయన తెలుగు మాట్లాడడం నేను వినడం అదే మొదలు.

వారమంతా నాకు స్థిమితం లేదు. స్టాఫు రూములో ఆయన చెప్పుల చప్పుడైతే లేచి నిలబడేవాణ్ణి. ఒక్క మాటా లేదు. సభకి ముందురోజు ప్రెస్సుకి వెళ్ళాను. అచ్చయిపోయింది, పటం కట్టేవాడికి ఇచ్చేశానన్నాడు యజమాని.

"ఏ రకం పడింది?" అన్నాను, ఆయన భాషలోనే.

"నేను సెప్పకూడదండి. సభలో ఇనాలి. ముందే సెప్పీస్తే ఏటి బావుంటాదండీ."

దేవుళ్ళ పటాలు కట్టే షాపు ముందు నుంచి రెండుసార్లు నడిచాను. అది వార్తాపత్రికలో చుట్టి, పురికొస కట్టి, గోడకానించి ఉంది. అడగడానికి నామోషీ వేసి వచ్చేశాను.

సభకి ఊరి ఆఫీసులన్నీ వచ్చాయి. వాళ్ళందరి పత్రాలూ రాసింది నేనే కదా, కృతజ్ఞత. తాలూకాఫీసు వాళ్ళు ఒక వరస, బ్లాకాఫీసు ఒక వరస, వెనకాల మీసం మెలేస్తూ స్టేషను రైటరు. మా ఆవిడ ముందువరసలో, హెడ్మాస్టరుగారి భార్య పక్కన కూర్చుంది. బంతిపూల దండలు చెవుల దాకా పడ్డాయి నాకు. హెడ్మాస్టరుగారు పటం రెండు చేతులతో ఎత్తి పట్టుకుని మొదలుపెట్టారు. నా వాక్యాలు ఆయన గొంతులో మహా గంభీరంగా వినిపించాయి. సమయపాలన అయింది. పరిశ్రమ అయింది. ఆ వాక్యం వచ్చింది. ఇన్నేళ్ళుగా మేము మిమ్మల్ని, అని ఇంగ్లీషులో చదివి, ఆగిపోయారు.

కళ్ళజోడు అడ్డొచ్చిందేమో అనుకున్నాను. పెద్ద మాటే పెట్టాడు, గొంతు పట్టేసింది అని కూడా అనుకున్నాను, ఆశ అలాంటిది. ఆయన పటాన్ని నెమ్మదిగా జనం వైపు తిప్పారు. బంగారురంగు అంచు మధ్య, ఖరీదైన కాయితం మీద, నా చుక్కలు చుక్కలుగానే అచ్చయి ఉన్నాయి.

నాకు మొహం చెల్లలేదు. మాట దొరక్కపోతే పోయె, మామూలు రెస్పెక్ట్ అయినా పడేయొచ్చుగా అనుకున్నాను. జనంలో నవ్వులు లేచాయి. "ప్రెస్సోడు మర్సిపోనాడు," అని డ్రిల్లు మాస్టారు అరిచాడు. ప్రెస్సు యజమాని లేచి నిలబడి, "నేనేటీ మర్సిపోనేదండి, సారే సుక్కలు ఉంచీమన్నారు," అన్నాడు. దాంతో వేలంపాట మొదలైంది. "రివియర్ ఎయ్యండి!" అని తాలూకాఫీసు వరస. "ఎస్టీమ్!" అని బ్లాకాఫీసు. "అడ్మైర్!" అని పశువుల ఆస్పత్రి. ఆ గోలలో స్టేషను రైటరు లేచి, ఇన్నాళ్ళ కసీ తీరేలా, "రిగార్డ్ చాలు!" అన్నాడు.

హెడ్మాస్టరుగారు చెయ్యెత్తారు. గోల ఆగింది. అప్పుడాయన వేదిక మీద, మైకులో, తెలుగులో మాట్లాడారు.

"వారం రోజులు ఈ కాయితం నా బల్ల మీదే ఉన్నాది. డిక్షనరీ తీసేను. రివియర్ ఉంది, అది తాసిల్దారుగారికి ఇచ్చీసేరు ఈయన. ఎస్టీమ్ ఉంది, అది బీడీవోగారికి ఇచ్చీసేరు. అడ్మైర్ ఎంతమందికి ఇచ్చేరో ఈయనకే గుర్తు లేదు. మన దగ్గరున్న మంచి మాటలన్నీ ఈయనే ఊరందరికీ పంచీసేరు. ఇప్పుడు ఈయనకి పెడదామని చూస్తే అన్నీ ఎంగిలి మాటలే మిగిలేయి." పటం కాస్త పైకెత్తారు. "ఇలాటి మనిషికి ఎంగిలి పెడతామేటండీ? అందుకని ఖాళీగా ఉంచీసేను."

అని, పటం తనవైపు తిప్పుకుని, ఏమీ జరగనట్టు మిగిలిన పేరాలు ఇంగ్లీషులో పూర్తి చేశారు. నేను అవి వినలేదు. నాకు ఏడుపొచ్చేసింది. దండల్లో మొహం దాచుకున్నాను. బంతిపూల పుప్పొడి పడలేదనుకుని డ్రిల్లు మాస్టారు సోడా తెప్పించాడు. ముందువరసలో మా ఆవిడ మాత్రం పుప్పొడి సంగతి నమ్మినట్టు లేదు.

సోమవారం పొద్దున్న క్యారేజీ పట్టుకుని కోటవురట్ల బస్సు కోసం నిలబడ్డాను. అంత ఘనంగా సాగనంపిన మనిషి ఇంకా ఊళ్ళోనే తిరుగుతుంటే జనానికి మింగుడు పడలేదు. "ఇంకా ఎల్లనేదేటండీ?" అని కూరల దుకాణం దగ్గర ఒకరు, "లడ్డూలు కూడా తిన్నాం గదండీ," అని ఒకరు. వాళ్ళని మోసం చేసినట్టే చూశారు కొన్నాళ్ళు.

సాయంత్రం బస్సు దిగేసరికి స్టాండులో పళ్ళబండి పక్కన హెడ్మాస్టరుగారు. చేతిలో గుడ్డసంచీ.

"అరటిపళ్ళకొచ్చేను," అన్నారు, నేను అడక్కుండానే. "ఎక్కువైపోయేయి. నాలుగు పట్టుకెళ్ళండి. కొత్త స్కూల్లో పిల్లలెలాగున్నారు?"

"నాట్ బ్యాడ్ సార్," అన్నాను.

మూతి బిగించారు గాని, మీసం కింద నవ్వు దాగలేదు. ఇద్దరం మా వీధి మలుపు దాకా నడిచాం. మర్నాడు సాయంత్రం మళ్ళీ అక్కడే ఉన్నారు, మళ్ళీ అరటిపళ్ళకే. ఆ వారంలో ఇంకా రెండుసార్లు. వానరోజున బస్సు ఆలస్యమైతే గొడుగు వేసుకుని నిలబడి, నేను దిగగానే, "బేగి రాకూడదేటి? పళ్ళు మగ్గిపోతన్నాయి," అని నన్నే కసిరారు, బస్సు నేనే నడుపుతున్నట్టు.

ఇంట్లో పళ్ళు పేరుకుపోయాయి. ఒకరోజు మా ఆవిడ ఒక పండు చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవి బస్టాండులో కొన్నవి కావండీ."

"నీకెలా తెలుసు?"

"ఇంత పొట్టిగా, ఇంత బొద్దుగా బండి మీద ఎవులమ్ముతారు? క్రిస్మస్‌కి కేకుతో పంపీవి ఇవే. హెడ్మాస్టారి పెరట్లో పళ్ళివి."

నేను నమ్మలేదు. మర్నాడు ఆవిడే బజార్లో హెడ్మాస్టరుగారి భార్యని అడిగేసి వచ్చింది. ఆయన సాయంత్రమయ్యేసరికి పెరట్లో పళ్ళు కోసి, సంచీలో వేసుకుని, వాకింగుకి అని బయల్దేరుతారట. పట్టుకెళ్ళిన పళ్ళు తిరిగి ఇంటికి రావడం మాత్రం లేదట. ఈ కబురు చెబుతూ మా ఆవిడ గోడమీది సన్మానపత్రం గాజు కొంగుతో తుడుస్తోంది. చుక్కల దగ్గర వేలు పెట్టింది.

"ఇక్కడ అరటిపళ్ళు అని రాసీండి. సరిపోతాది."

ఆ సాయంత్రం బస్సు దిగాను. ఆయన ఉన్నారు, సంచీ ఉంది. "ఇవాళ పళ్ళు బావున్నాయని కొన్నాను," అన్నారు. నాకు కొంటెబుద్ధి పుట్టింది.

"డజను ఎలా ఇచ్చాడు సార్?"

ఆయన పళ్ళబండి వైపు చూశారు, సంచీ వైపు చూశారు. ఆ వేదిక మీద ఆగినట్టే ఆగిపోయారు. ఆయన పుట్టి బుద్ధెరిగాక అక్కడ ఒక్క పండు కొన్న పాపాన పోలేదని ఆ మొహమే చెబుతోంది.

"నాట్ బ్యాడ్," అన్నారు చివరికి.

సంచీ అందుకున్నాను. ఇద్దరం ఇంటిదారి పట్టాం.